కొబ్బరి డొక్కలు మండే పొయ్యికి లోపలి గూడు మార్చిన పద్ధతి

కోనసీమలో పెరటి పొయ్యికి కట్టెల కరువు లేదు. కొబ్బరి డొక్కలు (కాయ మీది పీచు తొక్కలు), మట్టలు, చిప్పలు, తోటలో నరికిన సరుగుడు కొమ్మలు, ఏదో ఒకటి చేతికి అందుతూనే ఉంటుంది. గ్యాస్ వచ్చి ఇన్నేళ్ళయినా స్నానాల నీళ్ళకి, పండగల్లో పెద్ద గుండిగ ఎక్కించడానికి, ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడకబెట్టడానికి పెరటి పొయ్యి వెలుగుతూనే ఉంది. మాది రాకెట్ పొయ్యి అని పిలిచే రకం. కింద పక్కకి మూతి, లోపల నిలువుగా చదరపు గూడు, దాని చుట్టూ వేడి బయటికి పోకుండా ఊక బూడిద, ఆ బయట ఎర్ర ఇటుక గోడ. ఈ నమూనాకి 1980లలో రూపం ఇచ్చినది అమెరికాకి చెందిన ల్యారీ వినియార్‌స్కీ. పొగ గూట్లోనే మండిపోవాలి, గిన్నెకి మంట వేడి మాత్రమే తగలాలి అన్నది ఇందులోని సూత్రం. బయటి గోడ పదేళ్ళు నిలుస్తుంది. పాడయ్యేది లోపలి గూడు. దాన్ని ఏ సరుకుతో, ఏ లెక్కన మార్చామో ఇక్కడ రాస్తున్నాను.

గూడు పోయిందని ముందుగా చెప్పేది పొగ. ఎండిన కట్టె పెట్టినా మూతిలోంచి పొగ వెనక్కి వస్తుంటే, బయటి గోడ చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే, నీళ్ళు కాగడానికి మునుపటి కంటే ఎక్కువ కట్టె అవుతుంటే లోపల ఎక్కడో చీలిక ఉన్నట్టే. పొయ్యి పూర్తిగా చల్లారాక, అంటే మర్నాడు, బూడిద తోడేసి టార్చి వేసి చూడాలి. చిన్న ఇనప చువ్వతో ఒక్కో చోట తట్టితే బాగున్న ఇటుక ఖంగుమంటుంది, లోపల పగిలినది మొద్దుగా పలుకుతుంది. గోడ మీద ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో గాజు పూసినట్టు మెరిసే పొర కనిపిస్తే అది మసి కాదు. ఇటుకే కరిగి జారింది.

కొబ్బరి ప్రాంతంలో గూడు సరుకు ఎంచుకునేటప్పుడు లెక్కలోకి తీసుకోవాల్సింది ఈ కరగడాన్నే. కొబ్బరి చెట్టుకి క్లోరిన్ అవసరం. చెట్టు మొదలు దగ్గర ఉప్పు వేసే అలవాటు మన పెద్దవాళ్ళకి ఊరికే రాలేదు. ఆ క్లోరిన్, దానితో పాటు బోలెడంత పొటాషియం డొక్కలోనూ మట్టలోనూ ఉంటాయి. మండినప్పుడు ఇవి ఆవిరై గోడకి పట్టుకుంటాయి. మట్టిలోని సిలికాతో పొటాషియం కలిస్తే వెయ్యి డిగ్రీలకి చాలా ముందే కరిగే గాజు తయారవుతుంది. ఇనుము విషయంలో ఉప్పు ఇంకో రకంగా పనిచేస్తుంది. స్టీలుని కాపాడే సన్నని క్రోమియం తుప్పు పొరని తినేస్తుంది. పొర మళ్ళీ పుట్టడం, మళ్ళీ రాలడం జరుగుతుంటే రేకు రోజురోజుకీ పలచబడుతుంది. సరుగుడు మాత్రమే కాల్చే ఇంట్లో ఏళ్ళ తరబడి ఆగిన గూడు డొక్కలు కాల్చే ఇంట్లో అందులో సగం కాలం కూడా ఆగకపోవడానికి కారణం ఇదే. ఎంత వేడిని తట్టుకుంటుంది అని ఒక్క ప్రశ్న అడిగి సరుకు కొంటే చాలదు.

మా పొయ్యిలో ముందున్నది స్టీలు గొట్టం. షాపులో 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అని చెప్పి తక్కువ రకమైన 202 ఇవ్వడం మామూలే, అయస్కాంతం పెట్టి చూసినా ఈ రెంటికీ తేడా తెలియదు. అసలు 304 కూడా వేడెక్కి చల్లారుతూ ఉండే చోట 870 డిగ్రీల దాకానే అంటారు, అదీ ఉప్పు లేని గాలిలో. 310 రకం ఇంకా పైకి ఆగుతుంది కానీ దాని ధరకి ఇటుకలు రెండుసార్లు మార్చుకోవచ్చు. మామూలు ఇనప గొట్టం 3 మిల్లీమీటర్ల మందమున్నా పొరలు పొరలుగా రాలిపోతుంది. డొక్కలు కాల్చేవాళ్ళు లోహాన్ని గూటి జోలికి రానివ్వకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఎర్ర ఇటుకతో కడితే ఖర్చు లేదు, కానీ బరువెక్కువ. వెలిగించిన మొదటి అరగంట వేడంతా ఇటుకే తాగేస్తుంది, ఆ అరగంటా పొగే. కుమ్మరి చేత బంకమట్టిలో సగానికి సగం ఊక కలిపించి, అచ్చు పోయించి, కాల్పించుకుంటే ఊక కాలిపోయి చిల్లులు మిగిలి తేలికైన ఇటుక వస్తుంది. చేసేవాళ్ళు దొరికితే మేలైన దారి. కాలువలు కట్టేసిన ఎండాకాలంలో పూడిక మట్టి సులువుగా దొరుకుతుంది. సముద్రం వైపు ఉప్పు తేలే నేలల మట్టి మాత్రం వద్దు. నల్ల రేగడి ఆరేటప్పుడు చీలుతుంది, కనుక దాంట్లో ఇసకో పుట్టమట్టో కలపాలి.

మేము రెండు రకాల కొలిమి ఇటుకలు కలిపి వాడాం. ఒకటి బరువైన ఫైర్ బ్రిక్. 9 అంగుళాల పొడవు, 4½ వెడల్పు, 3 మందం, ఒక్కోటి ఇంచుమించు 4 కిలోలు. రెండోది అదే కొలతలో ఉండే ఇన్సులేషన్ బ్రిక్. ఇది తేలిక, వేడిని బయటికి పోనివ్వదు, కానీ గోరుతో గీసినా గీత పడేంత మెత్తన. కట్టె గుచ్చుకునే చోట దీన్ని పెడితే నెలల్లోనే గుంటలు పడతాయి. అందుకని నేలకి, మూతి వరసకి, మూతి మీద అడ్డంగా పడే ఇటుకకి బరువైనవి వాడాం. పైన మంట తప్ప ఇంకేదీ తగలని వరసలకి తేలికవి వాడాం. రెంటి మీదా పొటాషియం పనిచేస్తుంది, కానీ పై వరసల దాకా బూడిద తక్కువగా చేరుతుంది. ఎంత బూడిద తగులుతుందో, ఎంత రాపిడి ఉందో చోటు చోటుకీ చూసి సరుకు వేస్తే గూడంతా ఒక్కసారే పోదు. మళ్ళీ మార్చాల్సి వచ్చినా కింది వరస ఒక్కటే మారుతుంది.

కొలతల దగ్గరికి వస్తే, గూడు లోపల 6 అంగుళాలు పొడవు, 6 వెడల్పు. 20, 30 లీటర్ల గిన్నెలకి ఇది సరిపోతుంది. ఇంటి వంట మటుకే అయితే 5 అంగుళాలు చాలు. ఎత్తు లోపలి వెడల్పుకి రెండు నుంచి మూడు రెట్లు ఉండాలి. మాది 15 అంగుళాలు. తక్కువైతే పొగ మండకుండానే గిన్నె అడుగుకి తగిలి మసి కడుతుంది. మరీ ఎక్కువైతే గిన్నె దగ్గరికి వచ్చేసరికి మంట వేడి తగ్గుతుంది.

కోత కోయకుండా ఇటుకలు అమర్చే లెక్క ఒకటి ఉంది. నాలుగు ఇటుకలని అంచు మీద నిలబెట్టి, అంటే 4½ అంగుళాల వైపు ఎత్తుగా పెట్టి, ఒక్కోదాని చివర పక్క ఇటుక ముఖానికి ఆనేలా చుట్టూ తిప్పితే మధ్యలో సరిగ్గా 6 అంగుళాల చదరం మిగులుతుంది. 9 లోంచి 3 తీసేస్తే 6, అంతే లెక్క. మూతి వరసకి మాత్రం మూడే ఇటుకలు. పక్కలకి రెండు, వెనక ఒకటి, ముందు ఖాళీ. ఈ మూడింటి కింద ఒకటిన్నర అంగుళం మందం ఉండే సగం ఇటుకలు పరిస్తే మూతి ఎత్తు కూడా 6 అవుతుంది. అప్పుడు మూతికీ గూటికీ వైశాల్యం ఒకటే, 36 చదరపు అంగుళాలు. గాలి దారి ఎక్కడా ఇరుకవకూడదు, ఎక్కడా మరీ వెడల్పు కాకూడదు.

రెండో వరసలో మూతి మీద పడే ఇటుకని సరిగ్గా మధ్యకి పెట్టాలి, రెండు వైపులా ఒకటిన్నర అంగుళం చొప్పున ఆనేలా. ఇక్కడ నాలుగు ఇటుకలని తిప్పే లెక్క పనికిరాదు. అలా పెడితే ఒక కొస కింద ఏమీ ఉండదు, కట్టె తగిలితే జారుతుంది. ఈ వరసలో పక్క ఇటుకలు మూతి ఇటుక వెనక నుంచి మొదలై వెనక గోడ బయటి అంచు దాకా పోతాయి. వాటి మధ్య వెనక ఇటుకని 6 అంగుళాలకి కోసి పెట్టాలి. మొత్తం పనిలో కోత ఇదొక్కటే. మూడో వరస మళ్ళీ నాలుగు నిండు ఇటుకలతో తిప్పుడే. బరువైనవి నేలకి 2, మూతి వరసకి 3, మూతి మీద 1, తేలికవి 7, సగం మందంవి 3. విరుగుడుకి ఒకటో రెండో అదనంగా తెచ్చుకోవాలి, మెత్తనివి బండి మీదే అంచులు రాలతాయి.

అతుకుకి ఫైర్ క్లే (వేడిని తట్టుకునే మట్టి) పొడి 10 కిలోలు కొంటే మిగులుతుంది. పెరుగు చిక్కదనంలో కలిపి, ఇటుకని ఒక్క క్షణం నీళ్ళలో ముంచి తీసి, పలచగా పూసి నొక్కాలి. అతుకు 3 మిల్లీమీటర్లు దాటకూడదు, లావుగా వేసిన అతుకే ముందు రాలుతుంది. తాపీ మేస్త్రీలతో వచ్చే పేచీ ఇక్కడే. “ఆయ్, గుప్పెడు సిమెంటు కలపకపోతే నిలబడదండి” అంటారు. గోడకైతే నిజమే. పొయ్యి లోపల నాలుగైదు వందల డిగ్రీలు దాటేసరికి సిమెంటులోని గట్టిదనం ఇచ్చే భాగం విడిపోయి సున్నంలా మిగులుతుంది. తర్వాత వానాకాలం చెమ్మకి అది మళ్ళీ నీళ్ళు పీల్చి ఉబ్బి ఇటుకలని తోసేస్తుంది. బయటి ఎర్ర ఇటుక గోడకి సిమెంటు పెట్టుకున్నా ఫరవాలేదు, గూట్లో వద్దు. పనిచేసేటప్పుడు పక్కన నిలబడకపోతే ఆ గుప్పెడు పడే తీరుతుంది.

పాత గూడు తీసేటప్పుడు బయటి గోడ కదపక్కర్లేదు. పై మట్టి పూత పగలగొట్టి, ఊక బూడిద చేటతో తోడి గోనెల్లోకి ఎత్తి, గొట్టాన్ని పైకి లాగాం. ముక్కుకి తడిగుడ్డ కాదు, మంచి మాస్కు కట్టుకోవాలి. ఊక బూడిద దాదాపు అంతా సిలికా. బాగా కాలిన బూడిదలో కొంత స్ఫటిక రూపంలోకి మారి ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

తోడిన బూడిద అడుగు భాగం మా పొయ్యిలో ముద్దగా ఉంది. డెల్టాలో ఇది ఇంటింటి బాధే. వానాకాలంలో నాలుగడుగులు తవ్వక ముందే నీళ్ళు తగిలే నేల, పొయ్యి అడుగు నుంచి చెమ్మ పైకి ఎక్కుతుంది. తడి బూడిద వేడిని ఆపదు సరికదా, ఆ నీటిని ఆవిరి చేయడానికి రోజూ కట్టె ఖర్చవుతుంది. కొత్త గూడు దింపే ముందు అడుగున మందపాటి పాలిథిన్ పట్టా పరిచి, దాని మీద ఎర్ర ఇటుకలు రెండు వరసలు వేసి, ఆపైనే నేల ఇటుకలు పెట్టాం. పట్టా మంటకి ఆ మాత్రం దూరంలో ఉండాలి. నేల ఇటుకల చుట్టూ అదే ఎత్తుకి ఎర్ర ఇటుకలు పేరిస్తే గోడలకి చదునైన ఆధారం దొరుకుతుంది. ఎరువు సంచిలో నీళ్ళ మట్టం గొట్టం పెట్టుకుని తెచ్చే మేస్త్రీ ఉంటే సరే, లేదంటే పళ్ళెంలో నీళ్ళు పోసి చూసినా మట్టం తెలుస్తుంది.

గూటికీ బయటి గోడకీ మధ్య నాలుగు వైపులా 4 అంగుళాల సందు. ఈ కొలతలకి 60 లీటర్ల పైచిలుకు బూడిద పడుతుంది, యూరియా బస్తాలు రెండు నింపి తెచ్చుకుంటే కూరేటప్పుడు దిగేదానికి కూడా సరిపోతుంది. వడ్ల బరువులో ఐదో వంతు ఊక, ఆ ఊక కాలిస్తే దాని బరువులో ఇంచుమించు ఐదో వంతు బూడిద. మిల్లుల పుణ్యమా అని ఇక్కడ దీనికి కొదవ లేదు. నల్ల బూడిదలో కాలని బొగ్గు ఉంటుంది, గూడు పక్కన అది నెమ్మదిగా కాలిపోయి ఖాళీ మిగులుతుంది. తెల్లగానో బూడిద రంగులోనో ఉన్నది తేవాలి. రెండు రోజులు ఎండలో ఆరబోసి, నాలుగేసి అంగుళాలు పోసుకుంటూ కర్రతో తేలిగ్గా తట్టాలి. దిమ్మిసతో బాదకూడదు, వేడిని ఆపేది రేణువుల మధ్య ఉన్న గాలే. పైన ఒకటిన్నర అంగుళం మందాన పుట్టమట్టి, పేడ, ఊక కలిపిన పూత వేసి మూసేశాం.

గిన్నె బరువు ఎప్పుడూ మెత్తని ఇటుకల మీద పడకూడదు. బయటి గోడ మీద ఆనే ఇనప చట్రం చేయించి, గిన్నె దాని మీద కూర్చునేలా చూడాలి. నీళ్ళతో నిండిన గుండిగ 35 కిలోలు ఉంటుంది. గిన్నె అడుగుకీ పై పూతకీ మధ్య సందు కూడా లెక్క ప్రకారమే: 36 చదరపు అంగుళాలని అక్కడి చుట్టుకొలతతో భాగించాలి. గూటి అంచు దగ్గర చుట్టుకొలత 24, కాబట్టి సందు ఒకటిన్నర అంగుళం. 18 అంగుళాల గుండిగ అంచు దగ్గర చుట్టుకొలత 56 పైన, సందు అర అంగుళం దాటి కొంచెం. మసి పేరుకుంటుంది కనుక ముప్పావు పెట్టుకోవాలి. పూతని పళ్ళెంలా వాలుగా మలిస్తే రెండూ కుదురుతాయి. గిన్నె చుట్టూ అదే ముప్పావు అంగుళం వదిలి 8 అంగుళాల ఎత్తు రేకు కట్టు కడితే పక్కలకి పోయే వేడి కూడా గిన్నెకే తగులుతుంది. దీనికి 15 కిలోల నూనె డబ్బాలు రెండు విప్పితే సరిపోతాయి. జింకు పూసిన జీఐ రేకు వద్దు, ఎర్రగా కాలితే దాని జింకు పొగ పీల్చదగ్గది కాదు.

కొత్త గూట్లో మొదటి రోజే పెద్ద మంట పెట్టకూడదు. రెండు రోజులు నీడన ఆరనిచ్చి, తర్వాత కొబ్బరి ఆకులతో అరగంట, మర్నాడు సన్న పుల్లలతో గంట, ఆ తర్వాతే కట్టెలు. ఇటుకలో మిగిలిన నీళ్ళు ఒక్కసారిగా ఆవిరైతే ముఖం పెచ్చులుగా ఎగురుతుంది. వాడకంలో పడ్డాక గూటిని అన్నిటికన్నా ఎక్కువ చంపేది చెంబుడు నీళ్ళు. వంట అయ్యాక బొగ్గులు మిగుల్చుకుందామని మూతిలోకి నీళ్ళు కొట్టడం మన ఇళ్ళలో అలవాటు. ఎర్రగా ఉన్న ఇటుక మీద చన్నీళ్ళు పడితే నెర్రె పడటం ఖాయం. నిప్పులు గరిటతో బయటికి లాగి మట్టి మూకుడులో మూత పెడితే బొగ్గులూ మిగులుతాయి, గూడూ మిగులుతుంది.

డొక్కలు ఒక్కటే పేర్చితే మండవు, రాజుకుని పొగుస్తాయి. పీచు మధ్య ఉన్న పొట్టు నీళ్ళు పట్టి ఉంచుతుంది. రెండు సరుగుడు పుల్లలకి ఒక డొక్క చీలిక చొప్పున, నేల మీద కాకుండా మూతిలో ఒకటిన్నర అంగుళం ఎత్తున పెట్టిన జల్లెడ పలక మీద పెట్టాలి. పలక కింద నుంచి వెళ్ళే గాలే మంటని నిలబెడుతుంది. ఆ సందు బూడిదతో పూడితే ఎంత మంచి గూడైనా పొగే, అందుకే ఉదయం వెలిగించే ముందు రోజూ తుడవాలి. పలక ఇనుముది, అది పోతూనే ఉంటుంది, మార్చుకుంటూ ఉండాల్సిందే. డొక్క ఎండిందో లేదో తెలియాలంటే ఒకటి తూచి, రెండు రోజులు ఎండలో పెట్టి మళ్ళీ తూచాలి. బరువు ఇంకా తగ్గుతుంటే అది కాల్చే రోజు ఇంకా రాలేదు.

అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడి కట్టెల పొయ్యిల్లో చూసి, ఆ క్యాటలిటిక్ ముక్క ఒకటి తెస్తాం, పెట్టండి అంటుంటారు. తేనెపట్టులా చిల్లులున్న పింగాణీ దిమ్మ, లోపల ప్లాటినం, పల్లాడియం పూత. పొగ దాని గుండా పోతూ తక్కువ వేడికే, సుమారు 260 డిగ్రీలకే, మండుతుంది. ఇల్లు వెచ్చబెట్టే మూసిన పొయ్యిల్లో, గాలి తగ్గించి రాత్రంతా నిదానంగా కాల్చేవాళ్ళకి అది బంగారం. మనది మూతి తెరిచి ఉండే పొయ్యి, మంట 260 కాదు, అంతకి మూడు రెట్ల వేడిలో ఉంటుంది, పొగ గూట్లోనే మండుతుంది. పైగా ఆ సన్నని చిల్లులు మన డొక్క బూడిదకి ఎంతోకాలం తెరుచుకుని ఉండవు, గాలి ఆడకపోతే పొగంతా వండేవాళ్ళ ముఖానికే. అక్కడ కూడా రంగు వేసిన చెక్క, చెత్త కాలిస్తే ఆ పూత చచ్చిపోతుంది, తడి కట్టె చల్లదనానికి దిమ్మ పగులుతుంది.

గూడు సరిగ్గా కుదిరిందో లేదో తూకంతో తేల్చుకోవచ్చు. 20 లీటర్ల నీళ్ళు, ముందే తూచిన ఎండు సరుగుడు. 30 డిగ్రీల నీళ్ళు మరగడానికి కావలసిన వేడి 5,860 కిలోజౌళ్ళు. ఎండు కట్టె కిలోకి 15, 16 వేల కిలోజౌళ్ళు ఇస్తుంది. ఫ్యాను లేని పొయ్యి కనీసం 25 శాతం వేడిని గిన్నెకి చేర్చాలని భారత ప్రమాణం ఐఎస్ 13152 అంటుంది, ఆ లెక్కన కిలోన్నర కట్టె అవుతుంది. మూడు రాళ్ళ పొయ్యిలో వేడి పదో వంతు గిన్నెకి చేరుతుందనుకుంటే ఇంచుమించు 4 కిలోలు. గిన్నె మీద మూత పెట్టాలి, నీళ్ళు మరిగాక మిగిలిన కట్టెనీ బొగ్గునీ తూచి మొదటి తూకంలోంచి తీసేయాలి. కిలోన్నర, రెండు కిలోల మధ్య ఉంటే గూడు బాగున్నట్టు. మూడు దాటితే ముందు గిన్నె కింది సందు కొలవండి, తర్వాత బూడిద చెమ్మ చూడండి. ఇటుకలని ఆఖరున అనుమానించండి.